అల్మరాలోకి వెళ్లిన ప్లాన్‌ను బయటికి తీయండి: సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

మేనేజింగ్ డైరెక్టర్లకు, బోర్డు సభ్యులకు, విభాగాధిపతులకు,

నమస్కారం.

సంస్థల్లో బిజినెస్ కంటిన్యుటీ బాధ్యతలు చూసేవాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. పెద్ద అంతరాయం ఏదైనా వచ్చినప్పుడు పని ఆగకుండా ఏం చేయాలో ముందే రాసిపెట్టడం మా ఉద్యోగం. ఇందులోని విషయాలు మీకు కొత్తవి కావు. ఆడిట్ నివేదికల్లో రాశాం, సమీక్షా సమావేశాల ఎజెండాలో పెట్టాం. ‘గమనించాం’, ‘వచ్చే క్వార్టర్‌లో చూద్దాం’, ‘బడ్జెట్ లేదు’ అనే మూడు జవాబులే తిరిగి తిరిగి వచ్చాయి. ఇక అందరి ముందూ చెప్పక తప్పడం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కొవిడ్‌ను మహమ్మారి అంది. అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించింది. ఆ తర్వాత చాలాచోట్ల సంక్షోభ కమిటీ రద్దయింది, ప్లాన్ ఫైలు అల్మరాలోకి వెళ్లింది, ‘నెట్టుకొచ్చాం కదా’ అన్న మాట మిగిలింది. నెట్టుకొచ్చిన మాట నిజమే. నెట్టింది మాత్రం ఆ ఫైలు కాదు. అప్పటి ప్లాన్లు ఎక్కువగా ఒకే ఊహ మీద రాసినవి: భవనం కాలిపోతుంది లేదా మునిగిపోతుంది, మనుషులు క్షేమంగా ఉంటారు, వాళ్లను ఇంకో ఆఫీసుకు తరలిస్తే నాలుగైదు రోజుల్లో అంతా సర్దుకుంటుంది. వచ్చింది అందుకు పూర్తిగా తలకిందులు. భవనాలు భేషుగ్గా ఉన్నాయి, మనుషులు లేరు. ప్రత్యామ్నాయ ఆఫీసున్న ఊళ్లోనూ అదే జబ్బు. నాలుగు రోజులనుకున్నది నెలల తరబడి, అలల మీద అలలుగా నడిచింది.

అప్పుడు సంస్థలను నిలబెట్టింది సొంత ఫోన్లు, సొంత ఇంటర్నెట్, రాత్రింబవళ్ల చాకిరీ. ఇల్లు కాలుతుంటే బావి తవ్వారు, అదృష్టం కొద్దీ నీళ్లు పడ్డాయి. ఎక్కడ తవ్వారో, ఎంత లోతున నీళ్లు పడ్డాయో ఎవరూ రాసిపెట్టలేదు. తవ్వినవాళ్లలో చాలామంది ఉద్యోగాలు మారారు, కొందరు రిటైరయ్యారు.

మా ఫిర్యాదులు, వాటి వెంటే మా డిమాండ్లు ఇవీ.

1. 2020లో ఇచ్చిన మినహాయింపులను మూసేయండి.

మొదట ఇదే చెబుతున్నాం, ఎందుకంటే దీనికి ఖర్చు దాదాపు లేదు, ప్రమాదం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. ఆ మార్చి నెలలో పని ఆగకూడదని హడావిడిగా తలుపులు తెరిచాం. ఆఫీసు కంప్యూటర్లలోకి ఇంటి నుంచి రావడానికి రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిన చోట్లున్నాయి. సొంత ల్యాప్‌టాప్‌లకు అడ్మిన్ హక్కులిచ్చారు. ఫోన్ పాతదై ఓటీపీ యాప్ ఎక్కనివాళ్లకు రెండో అంచె ధ్రువీకరణ తీసేశారు. చెల్లింపులకు రెండు సంతకాల బదులు ఒక ఈమెయిలో, ఒక ఫోన్ కాలో చాలన్నారు. పాస్‌వర్డులు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఆనాటికి అవన్నీ అవసరమే, తప్పుపట్టడం లేదు. ‘తాత్కాలికం’ అని రాసి తేదీ వేయకపోవడమే తప్పు.

దీని ఫలితం ఎలా ఉంటుందో చూడండి. సరఫరాదారు పేరుతో ఒక మెయిల్ వస్తుంది: ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై కొత్త ఖాతాకు పంపండి’. మెయిల్ చిరునామాలో @ తర్వాతి పేరు (డొమైన్) ఒక్క అక్షరమే తేడా, పాత ఇన్వాయిసు నంబరు సరిగ్గానే ఉంటుంది. 2020కి ముందైతే అకౌంట్స్ గుమాస్తా పాత నంబరుకు ఫోన్ చేసి కనుక్కునేవాడు, మేనేజర్ రెండో సంతకం పెట్టేవాడు. ఆ రెండు మెట్లూ ‘ప్రస్తుతానికి’ తీసేశారు కదా, డబ్బు నేరుగా దొంగ ఖాతాకు పోతుంది. విచారణలో దోషిగా నిలబడేది ఆ గుమాస్తా. మినహాయింపు మంజూరు చేసినవారి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

మా డిమాండ్: ప్రతి సంస్థా ఒక మినహాయింపుల రిజిస్టరు తెరవాలి. ఏ మినహాయింపు, ఎప్పుడిచ్చారు, ఎందుకిచ్చారు, ఎవరు ఆమోదించారు, ఎప్పుడు ముగుస్తుంది అని అయిదు గడులుంటే చాలు. ముగింపు తేదీ లేనిది ఏదైనా 30 రోజుల్లో మూసేయాలి. నిజంగా ఇంకా అవసరమైతే బోర్డు సంతకంతో కొత్తగా ఇవ్వండి.

2. ఒక్కరికే తెలిసిన పనుల జాబితా తీయండి.

నెలాఖరు. జీతాల ఫైలు తయారుచేసే ఉద్యోగిని జ్వరంతో ఆస్పత్రిలో ఉంది. ఫైలు ఆమె ల్యాప్‌టాప్‌లో ఉంది. బ్యాంకుకు పంపడానికి కావాల్సిన డిజిటల్ సంతకం డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి పరికరం) ఆఫీసు సొరుగులో, ఆ సొరుగు తాళంచెవి ఆమె హ్యాండ్‌బ్యాగులో. రెండో ఆమోదం ఇవ్వాల్సిన మేనేజర్ ఫోన్ నంబరు మార్చుకున్నాడు, బ్యాంకు రికార్డులో పాతదే ఉంది, ఓటీపీ అటే పోతోంది. సర్వర్లన్నీ పనిచేస్తున్నాయి, నెట్‌వర్కు బాగుంది, డ్యాష్‌బోర్డు పచ్చగా వెలుగుతోంది. జీతాలు మాత్రం పడవు. పైస్థాయి వాళ్లకు వారం ఆలస్యమైతే చిరాకు. కింది స్థాయిలో అదే వారం అద్దె, కిస్తీ, మందులు.

అమెరికా ప్రభుత్వం 2006లో విడుదల చేసిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి అమలు ప్రణాళిక, అల ఉచ్ఛస్థాయిలో సుమారు రెండు వారాల పాటు 40 శాతం వరకు సిబ్బంది రాకపోవచ్చని లెక్కవేసుకోమంది. జబ్బుపడ్డవాళ్లే కాక, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లు, బడి మూతపడి పిల్లలతో ఉండిపోయేవాళ్లు కూడా అందులో ఉన్నారు. ‘పదిమందిలో ఆరుగురుంటారు కదా, సరిపోతారు’ అనుకుంటే పొరపాటు. ఒక పని ఇద్దరికే తెలుసనుకోండి. 40 శాతం గైర్హాజరులో ఆ ఇద్దరూ ఒకేసారి లేకుండా పోయే అవకాశం 16 శాతం, అంటే ఆరింట ఒకటి. ముగ్గురికి తెలిస్తే 6.4 శాతం. నలుగురికైతే 2.6 శాతం. ఒకరి జబ్బుకు ఇంకొకరి జబ్బుతో సంబంధం లేదనుకుంటేనే ఈ లెక్క. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని కలిసి భోంచేసేవాళ్లు కలిసే పడిపోతారు.

అందుకే ముగ్గురన్నది మేం అడిగే కనీసం. కీలకమైన ప్రతి పనికీ ముగ్గురు శిక్షణ పొందినవాళ్లుండాలి, వాళ్లలో ఒకరు వేరే గదిలోనో వేరే షిఫ్టులోనో ఉండాలి. ‘మాన్యువల్ రాశాం, అది చాలు’ అంటే ఒప్పుకోం. ఆ ముగ్గురూ మూడు నెలలకోసారి వంతులవారీగా ఆ పనిని స్వయంగా పూర్తిచేయాలి. సంతకాల అధికారాలు, బ్యాంకు టోకెన్లు, డొమైన్ పేర్ల రెన్యువల్ ఖాతాలు, లిఫ్టు నుంచి సర్వర్ గది దాకా తాళాలు, అన్నీ ఆ జాబితాలోకి రావాలి. డొమైన్ రెన్యువల్ నోటీసు ఎప్పుడో మానేసిన ఉద్యోగి మెయిల్‌కు పోతూ ఉండటం ఈ వృత్తిలో ఉన్నవాళ్లెవరికీ ఆశ్చర్యం కలిగించదు.

3. ‘నాలుగు గంటలు’ అని రాయడం మానేయండి.

ప్రతి విభాగాన్నీ ‘మీ పని ఎంతసేపట్లో మళ్లీ మొదలవ్వాలి?’ అని అడుగుతాం. అందరూ నాలుగు గంటలంటారు. తక్కువ రాస్తే తమ విభాగం ముఖ్యమైనదిగా కనిపిస్తుందని ఆశ. ఆ కాగితానికీ ఐటీ గదికీ సంబంధం ఉండదు. లెక్క చూడండి: సెకనుకు ఒక గిగాబిట్ లైన్ అన్నీ కలిసొస్తే గంటకు సుమారు 450 గిగాబైట్లు మోస్తుంది. 20 టెరాబైట్ల డేటాను బ్యాకప్ నుంచి వెనక్కి తేవడానికి దాదాపు 44 గంటలు పడుతుంది. ఆ తర్వాత డేటాబేసు సరిచూడాలి, అప్లికేషన్లు ఒక వరుసలో లేపాలి. కాగితం మీద నాలుగు గంటలు, గదిలో మూడు రోజులు. ఈ తేడాను కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి భరిస్తాడు.

బిజినెస్ కంటిన్యుటీకి ఐఎస్ఓ 22301 అనే అంతర్జాతీయ ప్రమాణం 2012లో వచ్చింది, 2019లో సవరించారు. అది అడిగేది నిజానికి చాలా మామూలు ప్రశ్న: ఈ పని ఎంతకాలం ఆగితే నష్టం భరించలేనిదవుతుంది? ఆలోపు కనీసం ఎంత మేరకు నడవాలి? దీన్ని గంటల్లో అడగండి, ఎవరికి నష్టమో పేరు రాయించండి. మామూలు రోజుకొక జవాబు, నెలాఖరుకొక జవాబు ఉండాలి. రెండూ ఒకటే వచ్చాయంటే ఎవరో ఆలోచించకుండా నింపారని అర్థం.

బ్యాకప్ ఎక్కడుందన్నది కూడా చూడండి. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అనే పాత సూత్రానికి ఇప్పుడు ఇంకోటి కలపాలి: ఒక కాపీ నెట్‌వర్కుకు అందకుండా, ఎవరూ చెరపలేకుండా ఉండాలి. రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) వచ్చినప్పుడు అది మొదట వెతికేది బ్యాకప్‌నే.

మా డిమాండ్: ఏడాదికి రెండుసార్లు బ్యాకప్ నుంచి పూర్తి పునరుద్ధరణ చేసి, పట్టిన గంటలను బోర్డుకు చూపాలి. ‘బ్యాకప్ విజయవంతం’ అన్న ఆకుపచ్చ టిక్కును మేం లెక్కలోకి తీసుకోం.

4. అన్నిటికీ ‘ఇంటి నుంచి పని’ అని రాయకండి.

2020 తర్వాత రాసిన చాలా ప్లాన్లు తెరిస్తే వరద, కరెంటు కోత, అల్లర్లు, సైబర్ దాడి, దేనికైనా మందు ఒకటే కనిపిస్తుంది: ఉద్యోగులు ఇంటి నుంచి పనిచేస్తారు. ఊరంతా కరెంటు పోతే ఇళ్లలో మాత్రం ఎక్కడిది? ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్కులోకి వచ్చే రక్షిత దారి వీపీఎన్. దాని మీదే దాడి జరిగితే ఆ దారే మూసుకుపోతుంది.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలను పడగొట్టిందని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. బాగుచేయడం పెద్ద విద్య కాదు, యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచి ఒక ఫైలు తీసేయాలి. కానీ చాలా యంత్రాలకు ఆ పనిని ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని చేయాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ ఎక్కడో ఉద్యోగి ఇంట్లో ఉంటుంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేకుండా) ఉంటుంది కాబట్టి 48 అంకెల రికవరీ కీ కావాలి. హెల్ప్‌డెస్క్ మనిషి ఫోన్లో ఆ అంకెలు ఒక్కొక్కటీ చదవాలి, అవతల కంప్యూటర్ భాష తెలియని మనిషి తప్పులేకుండా కొట్టాలి. ఆ కీలన్నీ దాచిన సర్వర్ కూడా అదే అప్‌డేట్‌తో పడిపోయి ఉంటే? తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకే తాళం వేసినట్టు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ఆగిపోయినప్పుడూ ఇలాంటిదే అయింది. సరిచేయడానికి వాడే అంతర్గత సాధనాలు ఆ నెట్‌వర్కు మీదే ఆధారపడినవి కావడంతో అవీ పనిచేయలేదు.

కాబట్టి రికవరీ కీలు, అత్యవసర ఫోన్ నంబర్లు, నెట్‌వర్కు పటం, మొదటి 24 గంటల్లో చేయాల్సిన పనుల వరుస, ఇవి కాగితం మీద, సీలు వేసిన కవర్లో, రెండు వేర్వేరు చోట్ల ఉండాలి. మూడు నెలలకోసారి మార్చాలి. కాగితమంటే నవ్వేవాళ్లున్నారు. నవ్వనివ్వండి.

వీపీఎన్ సామర్థ్యం సంగతి కూడా తేల్చండి. 500 మంది ఒకేసారి వీడియో కాల్‌లో ఉంటే, మనిషికి 2 మెగాబిట్లు వేసుకున్నా సెకనుకు ఒక గిగాబిట్ అవుతుంది. ఆ వీడియోను కూడా వీపీఎన్ గుండా తెస్తే అది ఆఫీసు లైన్‌లోకి వచ్చి, మళ్లీ అదే లైన్‌లోంచి బయటికి పోతుంది. వీడియో నేరుగా ఇంటర్నెట్‌కు పోయేలా విడదీస్తే సగం కష్టం తీరుతుంది. ఏకకాల లైసెన్సులెన్ని, మనుషులెంతమంది అన్న రెండు అంకెలూ పక్కపక్కన రాసి మీ బల్ల మీద పెట్టించుకోండి.

5. ల్యాప్‌టాప్ లేనివాళ్లను ప్లాన్‌లోకి తీసుకోండి.

సెక్యూరిటీ గార్డులు, శుభ్రతా సిబ్బంది, డ్రైవర్లు, గోదాము కూలీలు, యంత్రాల ముందు నిలబడే ఆపరేటర్లు. ప్లాన్లలో వీళ్ల ప్రస్తావన ‘ఏజెన్సీ ద్వారా’ అన్న రెండు మాటలతో ముగుస్తుంది. రోజు కూలి కోసే పద్ధతి ఉన్నంతకాలం జ్వరమొచ్చిన మనిషి మాత్ర వేసుకుని పనికొస్తాడు. గేటు దగ్గర థర్మామీటరు పెట్టి లాభం లేదు, మాత్ర దాన్ని దాటించేస్తుంది. వేతనంతో కూడిన జబ్బు సెలవు కాంట్రాక్టు మనిషికీ ఇవ్వడం కంటే చవకైన అంటువ్యాధి నివారణ మాకు తెలియదు. దయచేసి దీన్ని సంక్షేమం పద్దులోంచి తీసి రిస్కు పద్దులో రాయండి.

అంటు పాకకుండా సిబ్బందిని రెండు బృందాలుగా విడదీసే పద్ధతి బాగానే ఉంటుంది, షిఫ్టు మారే పది నిమిషాల్లో తప్ప. లిఫ్టులో, లాకర్ గదిలో, హాజరు వేసే యంత్రం దగ్గర రెండు బృందాలూ కలిసిపోతాయి. షిఫ్టుల మధ్య అరగంట ఖాళీ ఉంచండి, పని అప్పగింత ఫోన్లోనో రిజిస్టరులోనో జరగనివ్వండి. ఆ అరగంటలో కిటికీలు తెరవండి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో గదిగాలి గంటకు కనీసం అయిదుసార్లు మారేలా చూడాలని సూచించింది. మీ గదుల్లో ఎంత ఉందో ఎప్పుడైనా కొలిపించారా?

6. సరఫరాదారుకు సరఫరాదారు ఎవరో కనుక్కోండి.

ఇద్దరు సరఫరాదారులున్నారని ధీమాగా ఉంటారు. ఆ ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ నుంచి కొంటుంటే మీకున్నది ఒక్కరే. జపాన్‌లో 2011 భూకంపం తర్వాత కార్ల కంపెనీ టొయోటా ఈ పాఠం నేర్చుకుంది. రెండు నుంచి ఆరు నెలలకు సరిపడా ఎలక్ట్రానిక్ చిప్స్ నిల్వ ఉంచమని సరఫరాదారులను కోరింది. 2021 మొదట్లో పోటీ కంపెనీలు చిప్స్ లేక లైన్లు ఆపుతుంటే తాను చాలావరకు నడిపించుకుంది. అదే ఏడాది సెప్టెంబరుకు మాత్రం, ఆగ్నేయాసియాలో కొవిడ్‌తో విడిభాగాల ఫ్యాక్టరీలు మూతపడి, ప్రపంచవ్యాప్త ఉత్పత్తిని 40 శాతం తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. నిల్వ కొనిపెట్టేది సమయాన్నే. ఆ సమయంలో ఏం చేయాలో కూడా ప్లాన్‌లో రాయాలి.

మీకు లేకపోతే పని ఆగిపోయే పది వస్తువులు, పది సేవలు తీసుకుని ఒక్కోదానికి రెండు మెట్లు వెనక్కి వెళ్లి చూడండి. చిన్న సరఫరాదారులకు బిల్లులు సకాలంలో చెల్లించడం కూడా ఇందులో భాగమే. సంక్షోభంలో 90 రోజులు డబ్బు ఆపితే మొదట మూతపడేది వాళ్ల షట్టరు, ఆ తర్వాత మీ లైను.

7. బీమా పాలసీని ఈసారి చదవండి.

వ్యాపార అంతరాయ బీమా మామూలుగా ఆస్తికి భౌతిక నష్టం జరిగితేనే వర్తిస్తుంది. వైరస్ గోడలను కూల్చదు. బ్రిటన్‌లో ఈ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2021 జనవరి 15న తీర్పు చాలావరకు పాలసీదారుల వైపే వచ్చింది. కొవిడ్ వచ్చాక చాలా కొత్త పాలసీల్లో అంటువ్యాధులకు బీమా వర్తించదనే క్లాజులు చేరాయి. ‘మనకు బీమా ఉంది’ అని ప్లాన్‌లో ఉన్న వాక్యం ఇప్పటికీ నిజమేనా, బీమా కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

8. మూతపడ్డ భవనం దానంతటదే తెరుచుకోదు.

పైపుల్లో నిలిచిన నీళ్లలో, ముఖ్యంగా 25 నుంచి 45 డిగ్రీల మధ్య, ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. తెరిచే ముందు ప్రతి కుళాయినీ వదిలి పారించాలి. జనరేటరును నెలకోసారి లోడు మీద అరగంట నడపాలి. లోడు లేకుండా ఊరికే తిప్పితే ఇంధనం సరిగా కాలక మసి పేరుకుంటుంది, అసలు రోజున మొరాయిస్తుంది. మాస్కుల ఎలాస్టిక్ కాలం గడిచేకొద్దీ పాడవుతుంది, కాబట్టి గడువు చూసి ముందు కొన్నవి ముందు వాడండి. శానిటైజరు మండే ద్రవమని గుర్తుంచుకుని నిల్వ చేయండి. ఇవన్నీ ఒక పేజీ చెక్‌లిస్టు.

9. డ్రిల్లులో బాసులను బయటికి పంపండి.

ఇప్పటి డ్రిల్లులు ముందే తేదీ చెప్పి, టీ తాగుతూ స్లైడులు చూసే సమావేశాలు. అందులో అన్ని నిర్ణయాలూ మేనేజింగ్ డైరెక్టరే తీసుకుంటారు. ఆ రోజు ఆయన ఆక్సిజన్ మీద ఉంటే? లాటరీ తీసి, డ్రిల్లుకు వచ్చినవాళ్లలో 40 శాతం మందిని గదిలోంచి పంపేయండి. మిగిలినవాళ్లు సరఫరాదారుకు చెల్లింపు, జీతాల విడుదల, ఖాతాదారులకు ప్రకటన, ఈ మూడూ చేసి చూపించాలి. ఎవరి సంతకం చెల్లుతుందో తేలక రెండో పనికే ఆగిపోతే డ్రిల్లు ఫలించినట్టే, ఏం సరిచేయాలో తెలిసింది కదా. ఏడాదికొకసారి ఆదివారం ఉదయం చెప్పకుండా ఫోన్ల గొలుసు (ఒకరి నుంచి ఒకరికి ఫోన్లో కబురు చేరే ఏర్పాటు) పరీక్షించండి. రెండు గంటల్లో ఎంతమంది అందుబాటులోకి వచ్చారో రాసిపెట్టండి. మొదటిసారి ఆ అంకె చూసి తల దించుకోవాల్సి రావచ్చు.

పైవాటిలో మొదటిదానికి 30 రోజులు, రెండోదానికి 60 రోజులు, పునరుద్ధరణ పరీక్షకూ డ్రిల్లుకూ 90 రోజులు గడువు కోరుతున్నాం. 90వ రోజున ప్రతి సంస్థా తన ఉద్యోగులందరికీ, కాంట్రాక్టువాళ్లతో సహా, అయిదు అంకెలు నోటీసు బోర్డులో పెట్టాలి: ఇంకా తెరిచి ఉన్న మినహాయింపులెన్ని, ఇప్పటికీ ముగ్గురికి తెలియని కీలక పనులెన్ని, పూర్తి పునరుద్ధరణకు నిజంగా పట్టిన గంటలెన్ని, డ్రిల్లులో పూర్తయిన పనులెన్ని, వేతనంతో జబ్బు సెలవు లేని మనుషులెంతమంది. అంకెలు బాగుండకపోయినా ఫరవాలేదు. ‘గమనించాం’ అన్న జవాబు మాత్రం ఈసారి వద్దు.

ఇట్లు,
సంస్థల్లో బిజినెస్ కంటిన్యుటీ బాధ్యతలు చూస్తున్న ఉద్యోగులం